తేదీ సరే, నిష్క్రమణ ఏదీ?

2024 సెప్టెంబరు 27న అమెరికా, ఇరాక్ ప్రభుత్వాలు ఒక ఉమ్మడి ప్రకటన వెలువరించాయి. 2014 నుండి ఇరాక్‌లో పనిచేస్తున్న అంతర్జాతీయ సంకీర్ణ సేనల కార్యకలాపం 2025 సెప్టెంబరు నెలాఖరుకు ఆ దేశంలో ముగుస్తుందన్నది దాని సారాంశం. ఆ వారంలోనే మా మసీదు మెట్ల మీద ఒక యువకుడు నన్ను ఆపి, ‘చాచా, ఇరాక్‌కు విముక్తి వచ్చేసింది. మన పత్రికకు ముఖచిత్రంగా వేయరా?’ అని అడిగాడు. ‘ప్రకటన పూర్తి పాఠం చదివావా బేటా?’ అన్నాను. చదవలేదు. అతని చేతిలోని ఫోనులో రెండు పంక్తులూ ఒక జెండా బొమ్మా మాత్రమే ఉన్నాయి.

ముఖచిత్రం వేయలేదు. ఎందుకు వేయలేదో ఆనాడు మెట్ల మీద నిలబడి చెప్పలేకపోయాను. 2025 జనవరి 20న వాషింగ్టన్‌లో అధ్యక్ష పీఠం చేతులు మారింది. సైన్యాలను వెనక్కు రప్పిస్తాననే మాట మరోసారి వినబడింది. కనుక ఆ యువకునికి ఇవ్వవలసిన జవాబును పాఠకులందరి ముందూ ఉంచుతున్నాను.

ఈ వ్యాసకర్త ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాడు. ఆ ఉద్యోగం నేర్పిన విద్య ఒక్కటే: ఉత్తర్వును మొదటి పేరాతో ఆపకుండా చివరి పేరా వరకు చదవాలి. వరం మొదటి పేరాలో ఉంటుంది, షరతు చివరి పేరాలో ఉంటుంది. ‘తదుపరి ఉత్తర్వుల వరకు’, ‘పరిస్థితులకు లోబడి’, ‘పరిపాలనా అవసరాల దృష్ట్యా’ అనే మూడు పదబంధాలు ఎన్ని వాగ్దానాలను మింగివేశాయో ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగిన ప్రతి కుటుంబానికీ తెలుసు. మా కార్యాలయానికి ఆరు నెలల డెప్యుటేషన్ మీద వచ్చిన ఒక ఉద్యోగి పదకొండేళ్లు ఉండిపోయాడు. మధ్యలో అతని హోదా మూడుసార్లు మారింది. కుర్చీ మాత్రం మారలేదు. విదేశీ సేనల ఉపసంహరణ ప్రకటనలను చదివినప్పుడల్లా నాకు ఆ కుర్చీయే గుర్తుకు వస్తుంది.

ప్రకటనలో ఏమున్నది?

సెప్టెంబరు ప్రకటనలో గడువు ఒకటి కాదు, రెండు ఉన్నాయి. మొదటిది 2025 సెప్టెంబరు. అప్పటికి ఇరాక్‌లో సంకీర్ణ సేనల కార్యకలాపం ముగిసి, కొన్ని స్థావరాల నుండి సేనలు వైదొలగుతాయి. రెండవది 2026 సెప్టెంబరు. సిరియాలో ఐసిస్‌పై జరుగుతున్న పోరాటానికి మద్దతుగా ఇరాక్ గడ్డ నుండే సాగే కార్యకలాపం అప్పటిదాకా కొనసాగుతుంది. ఆ తరువాత? ఇరు దేశాల మధ్య ‘ద్వైపాక్షిక భద్రతా సంబంధం’ ఏర్పడుతుంది. ఆ సంబంధంలో ఎంతమంది సైనికులు, ఏ హోదాలో, ఏ స్థావరంలో ఉంటారో ప్రకటన చెప్పలేదు. ఇది ఉపసంహరణ కాదనీ, పరివర్తన మాత్రమేననీ అమెరికా అధికారులే విలేకరులకు వివరించారు. ఇరాక్‌లో అప్పుడున్న సుమారు 2,500 మంది అమెరికన్ సైనికులలో ఎందరు మిగులుతారని అడిగితే సంఖ్య చెప్పడానికి నిరాకరించారు.

అంటే ముగిసేది ‘సంకీర్ణం’ అనే పేరు. సైనికులు కూడా పోతారా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు ప్రకటనలో సమాధానం దొరకదు, గతంలో వెదకవలసిందే.

ఒకే తేదీ, ఒకే సంఖ్య

ముందుగా పొరుగున ఉన్న సిరియాను చూద్దాం. 2018 డిసెంబరు 19న నాటి అధ్యక్షుడు ట్రంప్ సిరియా నుండి అమెరికన్ సేనలన్నిటినీ వెనక్కు రప్పిస్తున్నట్లు ప్రకటించారు. అప్పుడు అక్కడున్నవారు సుమారు 2,000 మంది. ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించి రక్షణ మంత్రి జేమ్స్ మాటిస్ రాజీనామా చేశారు. ప్రపంచమంతా దానిని నిజమైన నిష్క్రమణగానే భావించింది. 2019 అక్టోబరులో ఉత్తర సరిహద్దు నుండి కొన్ని దళాలను తొలగించారు కూడా. అంతలోనే చమురు బావుల కాపలా పేరిట కొన్ని వందలమందిని నిలిపివేశారు. అటుపిమ్మట ఏళ్ల తరబడి అధికారికంగా వినిపించిన సంఖ్య 900.

2024 డిసెంబరు 19న పెంటగాన్ ప్రతినిధి విలేకరుల ముందుకు వచ్చి, సిరియాలో ఉన్నది 900 కాదు, సుమారు 2,000 మంది అని వెల్లడించారు. అందరినీ రప్పిస్తున్నామని ప్రకటించిన రోజుకు సరిగ్గా ఆరేళ్లు నిండిన రోజున, ఆనాడు ఎంతమంది ఉన్నారో అప్పటికీ దాదాపు అంతమందే ఉన్నారని తేలింది.

సిరియా వ్యవహారాల ప్రత్యేక ప్రతినిధిగా పనిచేసిన జేమ్స్ జెఫ్రీ 2020 నవంబరులో పదవి విడిచే సమయాన ఇంకొక మాట బయటపెట్టారు. సిరియాలో నిజంగా ఎంతమంది సైనికులున్నారో తమ దేశ నాయకత్వానికే స్పష్టంగా తెలియనీయకుండా నెట్టుకొచ్చామని ఆయన ఒప్పుకున్నారు. సర్వసేనానియైన అధ్యక్షుని ఉత్తర్వునే కింది యంత్రాంగం ఆ విధంగా నడిపించగలిగితే, రెండు ప్రభుత్వాల ఉమ్మడి ప్రకటనకు ఎంత బలమున్నదో ఊహించుకోవచ్చు.

ఇరాక్: వెళ్లారు, వచ్చారు, ఉండిపోయారు

అయితే ఉపసంహరణలన్నీ బూటకమే అనడం కూడా న్యాయం కాదు. 2003 మార్చిలో ఇరాక్‌పై దండెత్తిన అమెరికా సేనలు 2007 నాటికి సుమారు 1,70,000కు చేరాయి. 2008 నవంబరులో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 2009 జూన్ 30 నాటికి నగరాల నుండి పోరాట దళాలు వైదొలగాలి, 2011 డిసెంబరు 31 నాటికి సేనలన్నీ దేశం విడిచిపోవాలి. ఈ ఒప్పందం మీద రెండు దేశాల సంతకాలున్నాయి, ఇరాక్ పార్లమెంటు ఆమోదమున్నది, స్పష్టమైన తేదీ ఉన్నది. ఆ తేదీ నిలిచింది. 2011 డిసెంబరు 18న చివరి వాహనశ్రేణి సరిహద్దు దాటి కువైట్‌లో ప్రవేశించింది.

తేదీ ఎందుకు నిలిచిందో గమనించాలి. అమెరికా మంచితనం వల్ల కాదు. కొన్ని వేలమందిని శిక్షణ పేరిట నిలుపుకొనేందుకు 2011లో చర్చలు జరిగాయి. ఉండే సైనికులకు ఇరాక్ చట్టం వర్తించకుండా మినహాయింపు కావాలని, దానిని పార్లమెంటే ఆమోదించాలని అమెరికా పట్టుబట్టింది. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో ప్రైవేటు భద్రతా సంస్థ సిబ్బంది జరిపిన కాల్పుల్లో 17 మంది పౌరులు మరణించిన సంగతి ఇరాకీ ప్రజలు మరువలేదు. ఏ ఇరాకీ నాయకుడూ ఆ మినహాయింపుకు ఓటు వేసి ప్రజల ముందుకు వెళ్లే సాహసం చేయలేకపోయాడు. చర్చలు విఫలమైనందునే సేనలు వెళ్లాయి. నిసూర్ కేసులో అమెరికన్ న్యాయస్థానం దోషులుగా తేల్చిన నలుగురికి 2020 డిసెంబరులో అధ్యక్ష క్షమాభిక్ష లభించింది. ఇరాకీలు ఆనాడు భయపడినది నిష్కారణం కాదని దీనివల్ల రుజువైంది.

ఆ నిష్క్రమణకు ముందు పేర్ల మార్పు ఒకటి జరిగింది. 2009 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా, 2010 ఆగస్టు 31 నాటికి ఇరాక్‌లో పోరాట కార్యకలాపం ముగుస్తుందనీ, 35,000 నుండి 50,000 మంది మాత్రం మిగులుతారనీ ప్రకటించారు. గడువు నాటికి మిగిలిన దళాలకు ‘సలహా, సహాయక దళాలు’ అని నామకరణం జరిగింది. తుపాకులు అవే, సైనికులు అదే సైన్యపువారు, పేరొక్కటే కొత్తది. మా కార్యాలయంలోని డెప్యుటేషన్ కుర్చీ లాంటిదే ఇది.

చివరి వాహనం సరిహద్దు దాటిన రెండున్నరేళ్లకే, 2014 జూన్‌లో, ఐసిస్ ముఠా మోసుల్ నగరాన్ని ఆక్రమించింది. ఇరాక్ ప్రభుత్వమే సాయం కోరింది. మొదట కొన్ని వందలమంది సలహాదారులు వచ్చారు, ఆగస్టులో వైమానిక దాడులు మొదలయ్యాయి, రెండు మూడేళ్లలో సైనికుల సంఖ్య 5,000 దాటింది. 2017 డిసెంబరులో ఐసిస్‌పై విజయాన్ని ఇరాక్ ప్రకటించినా సేనలు కదలలేదు.

2020 జనవరి 3న బాగ్దాద్ విమానాశ్రయం వద్ద డ్రోన్ దాడిలో ఇరాన్ సేనాని ఖాసిం సులేమానీ, ఇరాకీ నాయకుడు అబూ మహదీ అల్ ముహందిస్ మరణించారు. తమ దేశం విదేశీయుల యుద్ధభూమి అయిందన్న ఆగ్రహంతో రెండు రోజులకే ఇరాక్ పార్లమెంటు విదేశీ సేనలు వెళ్లిపోవాలని తీర్మానించింది. దానికి జవాబుగా అమెరికా అధ్యక్షుడు ఆంక్షలు విధిస్తామని హెచ్చరించి, తాము కట్టిన వైమానిక స్థావరానికి ఖర్చు చెల్లించాలని అడిగారు. ఇల్లు ఖాళీ చేయమన్న యజమానినే అద్దెకున్నవాడు గోడల ఖర్చు అడిగినట్లయింది. 2021 జులైలో మరొక ప్రకటన వెలువడింది: ఆ సంవత్సరాంతానికి పోరాట కార్యకలాపం సమాప్తం. సంవత్సరం ముగిసింది, 2,500 మంది మిగిలారు. ఇప్పుడు 2024 ప్రకటన.

లెక్క వేస్తే, ఇరాక్‌లో ‘పోరాటం ముగిసింది’ అనే మాట 2010లో ఒకసారి, 2021లో ఒకసారి అధికారికంగా వెలువడింది. పూర్తి నిష్క్రమణ జరిగినది ఒకే ఒక్కసారి. అదీ చట్టబద్ధమైన ఒప్పందపు తేదీ వచ్చినప్పుడు, ఆ తేదీని దాటించే షరతుకు ఇరాకీలు లొంగనప్పుడు.

అఫ్గానిస్తాన్: జరుగుతూ వచ్చిన గడువులు

అఫ్గానిస్తాన్ అనుభవం మరొక రకం. 2009 డిసెంబరులో అధ్యక్షుడు ఒబామా ఒకే ప్రసంగంలో 30,000 మంది అదనపు సైనికులను పంపుతున్నామనీ, 2011 జులై నుండి ఉపసంహరణ ఆరంభిస్తామనీ చెప్పారు. 2014 మేలో ఆయనే స్పష్టమైన కాలక్రమం ఇచ్చారు: 2015 ఆరంభానికి 9,800 మంది, ఆ సంవత్సరాంతానికి అందులో సగం, 2016 ముగిసేసరికి రాయబార కార్యాలయ రక్షణకు సరిపడా మాత్రమే. 2015 అక్టోబరులో ఆ కాలక్రమాన్ని పక్కన పెట్టి 5,500 మంది ఉంటారన్నారు. 2016 జులైలో అది 8,400 అయింది. 2017లో వచ్చిన అధ్యక్షుడు, ఎన్నికలకు ముందు ఆ యుద్ధాన్ని వ్యర్థమన్నవారే, సంఖ్యను 14,000 వరకు పెంచారు.

ఆఖరికి 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ల మధ్య ఒప్పందం జరిగింది. 14 నెలల్లో విదేశీ సేనలు, వారితో పాటు కాంట్రాక్టు సిబ్బంది కూడా వెళ్లిపోవాలి. అఫ్గాన్ ప్రభుత్వానికి అందులో సంతకం లేదు. ఆ ప్రభుత్వం విడుదల చేయవలసిన 5,000 మంది ఖైదీల విషయాన్ని కూడా ఆ ప్రభుత్వం లేకుండానే రాసుకున్నారు. గడువు 2021 మే 1 నుండి ఆగస్టు 31కి జరిగింది, కాని ఈసారి అమలయింది. జులై ఆరంభంలో బగ్రాం వైమానిక స్థావరాన్ని రాత్రివేళ ఖాళీ చేశారు. తమకు ముందుగా చెప్పలేదని అక్కడి అఫ్గాన్ సేనాధికారి వాపోయారు. విమానాలను మరమ్మతు చేసే కాంట్రాక్టు సిబ్బంది వెళ్లిపోగానే అఫ్గాన్ వైమానిక దళం కుంటుపడింది. ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. 26న విమానాశ్రయ ద్వారం వద్ద బాంబు దాడిలో 13 మంది అమెరికన్ సైనికులూ సుమారు 170 మంది అఫ్గాన్ పౌరులూ మరణించారు. 29న జరిగిన డ్రోన్ దాడిలో ఉగ్రవాదిగా పొరబడి ఒక సహాయ సంస్థ ఉద్యోగిని, అతనితో పాటు ఏడుగురు పిల్లలు సహా మొత్తం పదిమందిని చంపారు.

సేనలు వెళ్లాయి. కాని అఫ్గాన్ కేంద్ర బ్యాంకుకు చెంది న్యూయార్క్‌లో ఉన్న సుమారు 700 కోట్ల డాలర్లను అమెరికా స్తంభింపజేసింది. సైనికుడు ఇంటికి పోయినా తాళంచెవి అతని యజమాని దగ్గరే ఉన్నదన్నమాట. ఇరాక్ విషయంలోనూ ఇదే ప్రశ్న ఉన్నది. 2003 నుండి ఇరాక్ చమురు ఆదాయం జమయ్యేది న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఖాతాలోనే. జీతాలకు డబ్బు అక్కడి నుండి రావలసిన ప్రభుత్వం ‘వెళ్లిపొమ్మని’ ఎంత గట్టిగా అనగలదు?

మనకు తెలిసిన పాత కథ

ఇది అమెరికాతో మొదలైన కథ కాదు. 1882లో ఈజిప్టును ఆక్రమించిన బ్రిటన్, తాత్కాలికంగా మాత్రమే ఉంటామని చెప్పింది. తరువాతి నాలుగు దశాబ్దాలలో ఖాళీ చేస్తామని బ్రిటన్ చేసిన వాగ్దానాలను చరిత్రకారులు అరవైకి పైగా లెక్కించారు. 1922లో నామమాత్రపు స్వాతంత్ర్యం, 1936లో సూయెజ్ కాలువ ప్రాంతానికి పరిమితం చేసే ఒప్పందం, 1954లో మరొక ఒప్పందం. చివరి సైనికుడు వెళ్లింది 1956 జూన్‌లో. అదే సంవత్సరం నవంబరులో సూయెజ్ కోసం మళ్లీ దిగారు, ప్రపంచం ఛీకొట్టగా డిసెంబరులో వెళ్లిపోయారు.

ఇరాక్‌కు కూడా ఇది రెండవ అనుభవం. 1917లో బాగ్దాద్ ప్రవేశించిన బ్రిటిష్ సేనాని తాము విజేతలుగా కాక విమోచకులుగా వచ్చామని ప్రకటించాడు. ఆ సేనలో పెద్ద భాగం భారతీయ సిపాయిలదే. 1932లో ఇరాక్ స్వతంత్రమైంది, కాని హబ్బానియా, షుఐబా వైమానిక స్థావరాలు బ్రిటన్ చేతిలోనే ఉండిపోయాయి. వాటి ఆసరాతోనే 1941లో దేశాన్ని మళ్లీ ఆక్రమించింది. స్థావరం మిగిలితే సైన్యం తిరిగివచ్చే దారి మిగిలినట్లే.

మన నేలకూ ఈ పాఠం కొత్త కాదు. 1798లో నిజాం అలీ ఖాన్ గవర్నర్ జనరల్ వెల్లెస్లీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. రక్షణ కోసం వచ్చిన సైన్యం ఖర్చు కింద 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి రాసి ఇచ్చాడు. అవే దత్త మండలాలు, తరువాతి రాయలసీమ. అరువు సైన్యం బాకీ తీరక 1853లో బేరారు కూడా చేయిదాటింది. హుస్సేన్ సాగర్‌కు ఆవల వెలసిన కంటోన్మెంటు క్రమంగా నగరమై సికిందరాబాదు అయింది. రక్షించడానికి వచ్చినవాడు మనల్ని అడిగి వెళ్లడు. భారతదేశం నుండి చివరి బ్రిటిష్ దళం 1948 ఫిబ్రవరి 28న బొంబాయి నుండి ఓడ ఎక్కింది. ఆ నిష్క్రమణ సంపూర్ణమైనది. ఎందుకంటే ముందు అధికారం వెళ్లింది, ఖజానా వెళ్లింది, న్యాయస్థానం వెళ్లింది. సైన్యం వాటి వెనుక వెళ్లింది. సైన్యం ఒక్కటే వెళ్లి తక్కినవి ఉండిపోయిన చోట, సైన్యం తిరిగి వస్తుంది.

అయితే 2026 మాటేమిటి?

ఈ అనుభవాల వెలుగులో నా అంచనా ఇది. సంఖ్య తగ్గుతుంది. కొన్ని స్థావరాలు ఇరాకీల చేతికి వస్తాయి. అందుకు కారణాలు బలంగానే ఉన్నాయి. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన తరువాత ఇరాక్, సిరియాలలోని అమెరికన్ స్థావరాలపై 150కి పైగా దాడులు జరిగాయి. 2024 జనవరి 28న జోర్డాన్‌లోని స్థావరంపై డ్రోన్ దాడిలో ముగ్గురు అమెరికన్ సైనికులు మరణించారు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న స్థావరాలు అమెరికాకు బలం కాక బరువయ్యాయి. ప్రకటన నాటి ఇరాక్ ప్రధాని అల్ సుదానీకి స్వదేశంలో ఒత్తిడి ఉండేది.

పూర్తి నిష్క్రమణ మాత్రం నమ్మదగినదిగా కనబడడం లేదు. కుర్దు ప్రాంతపు నాయకులు అమెరికన్ సేనలు ఉండాలనే కోరుతున్నారు. 2020 నాటి తీర్మానానికి కుర్దు సభ్యులు, సున్నీ సభ్యులలో అధికులు హాజరు కాలేదు. బాగ్దాద్‌లో ఇరాన్ అనుకూల పక్షాల పలుకుబడి ఇంకా పెరుగుతుందన్న భయం వారిది. ఇరాకీ వైమానిక దళంలోని ఎఫ్-16 విమానాల నిర్వహణ అమెరికన్ సిబ్బంది, విడిభాగాల మీద ఆధారపడి ఉన్నది. 2024 డిసెంబరు 8న సిరియాలో అసద్ ప్రభుత్వం కూలిపోయింది. అప్పుడు ఆ దేశపు ఈశాన్యంలోని చెరసాలల్లో వేలాది ఐసిస్ ఖైదీలుండేవారు. ‘పరిస్థితులకు లోబడి’ అనే పదబంధానికి ఇంతకంటే మంచి పరిస్థితులు దొరకవు. అప్పటికి ఇంకా పదవి చేపట్టని ట్రంప్ సిరియా తమ యుద్ధం కాదన్నారు. ఆ మాటను ఆయన 2018లోనూ అన్నారు.

పైగా, ఇరాక్ నుండి వెళ్లే సైనికుడు ఎంత దూరం వెళతాడు? 2011లో చివరి వాహనశ్రేణి వెళ్లింది కువైట్‌కే. అక్కడ 2024 నాటికీ పది వేలకు పైగా అమెరికన్ సైనికులుండేవారు. కడప, రాయచోటి నుండి కువైట్ వెళ్లిన బిడ్డలున్న ఇళ్లకు ఆ స్థావరాలు పటంలోని చుక్కలు కావు. 1990 ఆగస్టులో ఇరాక్ ఆక్రమణ నాడు కట్టుబట్టలతో అమ్మాన్ చేరి విమానమెక్కిన లక్షకు పైగా భారతీయులలో మనవారూ ఉన్నారు. 2014లో మోసుల్‌లో అపహరణకు గురైన 39 మంది భారతీయ కార్మికులు హతులయ్యారని వారి కుటుంబాలకు తెలియడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది. పరాయి యుద్ధం అన్నది మన గడప దాకా రాదనుకోవడం భ్రమ.

మనం ఏమనాలి?

ఇక్కడ మన సమాజంతో ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. విదేశీ సేన వెళ్లిపోవడం న్యాయం. కాని వెళ్లిపోవడంతోనే న్యాయం పూర్తి కాదు. ఇరాక్ యుద్ధంలో నమోదైన పౌర మరణాలే లక్షన్నర దాటాయి. దానికి బాధ్యత ఎవరిదో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. దీనిని మనం గట్టిగా అంటాం, అనాలి. అయితే 2014లో యజీదీ స్త్రీలను బానిసలుగా అమ్మినప్పుడు, మోసుల్ క్రైస్తవుల ఇళ్ల గోడల మీద గుర్తులు వేసి తరిమినప్పుడు మనలో ఎందరం అంతే గట్టిగా మాట్లాడాం? అఫ్గానిస్తాన్‌లో ఆరవ తరగతి దాటిన ఆడపిల్లలకు 2021 నుండి బడి తలుపు మూసి ఉన్నది, 2022 డిసెంబరు నుండి విశ్వవిద్యాలయాల తలుపు కూడా. విదేశీ సేన పోయినందుకు సంబరపడి, ఆ తలుపు గురించి మౌనం వహిస్తే మన సంబరానికి విలువ ఉండదు. జ్ఞానార్జన ప్రతి ముస్లింకూ విధి అని చెప్పుకొనే మనమే ఆ మాట ముందు అనాలి.

ఈ పత్రిక అల్పసంఖ్యాకుల హక్కుల కోసం నడుస్తున్నది. అల్పసంఖ్యాకులంటే మన దేశంలో మనం మాత్రమే కాదు; ఇరాక్‌లో యజీదీలు, కాబూల్‌లో హజారాలు కూడా. మనకు కావాలనుకున్న రక్షణను వారికి కోరనివారికి, తమ హక్కుల కోసం అడిగే గొంతు బలహీనపడుతుంది.

అసలు ఉపసంహరణ సమస్య రాకుండా ఉండే మార్గం ఒక్కటే: దండయాత్రలో చేరకపోవడం. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం పంపమని అమెరికా మన దేశాన్ని కోరింది. దేశమంతటా చర్చ జరిగింది. ఆ జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం పంపబోమని నిర్ణయించింది. వెళ్లనివానికి తిరిగిరావడానికి గడువు అక్కరలేదు. ఆ నిర్ణయాన్ని పక్షాలకు అతీతంగా గుర్తుంచుకోవాలి.

మెట్ల మీద నన్ను ఆపిన యువకునికి, అతని వంటి పాఠకులందరికీ చివరిగా ఒక సూచన. ఈసారి ఏ దేశం నుండి ఏ సైన్యం వెళుతోందన్న వార్త వచ్చినా, దానిని పదిమందికి పంపే ముందు అయిదు ప్రశ్నలు అడగండి. తేదీ ఒప్పందంలో ఉన్నదా, ప్రసంగంలో ఉన్నదా? ఆ దేశ ప్రజల ప్రతినిధులు దాని మీద సంతకం చేశారా? లెక్కలో కాంట్రాక్టు సిబ్బంది కూడా ఉన్నారా, లేక యూనిఫాం వేసుకున్నవారు మాత్రమేనా? నేరం చేసిన సైనికుని విచారించేది ఎవరి న్యాయస్థానం? గగనతలమూ ఖజానా ఎవరి చేతిలో ఉంటాయి? ఈ అయిదింటికీ జవాబు దొరికితే ప్రకటనను నమ్మండి. మూడింటికి దొరికితే వేచి చూడండి. ఒక్కదానికీ దొరకకపోతే అది ఇంకా ఉత్తర్వు కాలేదు, చిత్తుప్రతి మాత్రమే.

సెప్టెంబరు ప్రకటనలో మొదటి ప్రశ్నకు సగం జవాబున్నది. రెండవదానికి ఇరాక్ ప్రభుత్వం ఒప్పుకొన్నది గాని పార్లమెంటు ముద్ర లేదు. మిగిలిన మూడింటికి ప్రకటన మౌనం వహించింది. కనుక 2026 సెప్టెంబరు వరకు ఈ ఫైలును మూసివేయకూడదు. ఆ నెలలో, అల్లాహ్ తలిస్తే, ఈ పత్రికలోనే అయిదు ప్రశ్నలనూ మళ్లీ వేసి, ఎన్నింటికి జవాబు వచ్చిందో లెక్క చెబుతాం. అన్నింటికీ వచ్చిననాడు ఆ యువకుడు అడిగిన ముఖచిత్రం తప్పక వేస్తాం.